తాత చెయ్యి ఆనించిన చెట్టు

వంశచరిత్ర రాద్దామని పాత పత్రికల్లోని పెళ్లి, మరణ ప్రకటనలు పోగుచేస్తున్న రోజులవి. భద్రాచలం బస్సులో తాత సంతాప ప్రకటన చూసుకుంటున్నాను. 'అడవి కొట్టించి ఊరు నిలబెట్టిన మహనీయుడు' అని వేశారు. ఫోటోలో తాత ఇప్పచెట్టుకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

పక్కసీటు ముసలామె ఫోటో మీద వేలు పెట్టింది.

"ఈయన నీకేమైతడు?"

"మా తాత. ఆ ఊరు పెట్టింది ఈయనే."

"ఈయన రాకముందే అది మా ఊరు. ఆ చెట్టు మా అమ్మది. ఇప్పపువ్వు ఏరబోతే కొట్టి తరిమిండు."

"పోయిన మనిషిని అట్లా అనొచ్చా?" కసిరాను.

"పోయిండా? మంచిగైంది."

ఆమె సీట్లోంచి లేచి, సీటు ఖాళీగా ఉన్నా భద్రాచలం దాకా నిలబడే వచ్చింది.

పుస్తకం అచ్చువేసేటప్పుడు ఫోటోలో చెట్టును తీసేయించాను. తాత చెయ్యి దేనికి ఆనిందో మావాళ్లెవరూ ఇంతవరకు అడగలేదు.