ఈరోజే సరిచూశాం

ఫోన్‌లో ఒకామెకు నేను చెప్పిన అబద్ధాన్ని ఏళ్లుగా మోస్తున్నాను. రోజంతా గుర్తుండేది కాదు. ఎవరైనా "మేడమ్, మీరు ఉన్నదున్నట్టు చెప్తారు" అని మెచ్చుకున్నప్పుడు మాత్రం గుర్తొచ్చేది. నవ్వి, మాట మార్చేదాన్ని.

ముందే చెప్తున్నాను. క్షమించమని అడగడానికి రాయడం లేదు. క్షమించే హక్కు మీది కాదు, ఏమనుకోకండి. మా అమ్మ వెళ్లే బాప్టిస్టు సంఘంలో ఆదివారం అందరి ముందూ తప్పులు ఒప్పుకుని సాక్ష్యం చెప్పే అలవాటుంది. అక్కడ లేచి చెప్పేస్తే అందరూ స్తోత్రం అంటారు, పాస్టరుగారు ప్రార్థన చేస్తారు, ఇంటికొచ్చి అన్నం తినేసరికి అంతా అయిపోతుంది. అంత చవకగా వదిలించుకోవడం నాకిష్టం లేదు. దేవుడికి తెలుసు, నిజమే. ఆమెకు తెలియదు కదా?

విజయనగరంలో నాకిప్పుడు చిన్న ఆఫీసుంది. లాడ్జీలకూ బట్టల షాపులకూ వెబ్‌సైట్లు చేసిపెడతాను. వచ్చినవాళ్లంతా అడిగేది ఒకటే. సెర్చ్‌లో పైన కనబడాలంటే ఎన్నాళ్లకోసారి కొత్తది రాయాలి? రోజూనా, వారానికోసారా? నేను చెప్పేదీ ఒకటే. లెక్కేమీ లేదు. వార్తల సైటుకు గంటగంటకూ కొత్తది కావాలి. ఊరి చరిత్ర చెప్పే పేజీ ఏళ్లతరబడి కదలకపోయినా పడిపోదు. మీ దగ్గర ఏదైనా మారితే ఆ రోజే రాయండి, మారకపోతే తేదీ ముట్టుకోకండి. ఈ మాటకే నాకు మంచిపేరు వచ్చింది. ఎక్కడ నేర్చుకున్నారని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

నేర్చుకున్నది శ్రీకాకుళంలో. డిగ్రీ అవగానే అరసవల్లి రోడ్డులో, సెల్‌ఫోన్ల షాపు మీద మేడగదిలో ఉన్న ఆఫీసులో చేరాను. జిల్లా సమాచారమంతా ఒకేచోట దొరికే సైటు మాది. బస్సు వేళలు, ఆసుపత్రులు, సర్టిఫికెట్లకు ఎక్కడికెళ్లాలి, అన్నీ. పక్కన ప్రకటనలు వస్తాయి, అదే ఆదాయం. రాసేది నేనొక్కదాన్నే. మా ఓనరుకు ఒకటే భయం, కొత్తది పడకపోతే సైటు కిందకు పోతుందని. పొద్దున్నే గుమ్మంలో నిలబడి, "ఏటమ్మా, ఇయ్యాల ఏటి ఏసేవు? ఏటీ ఎయ్యకపోతే సైటు సచ్చిపోతాది" అనేవాడు.

మొదట్లో తిరిగి, అడిగి, రాశాను. డయాలసిస్ సెంటరు గురించి రాసిన పేజీ నాకు గర్వకారణం. ఉద్దానం వైపు నుంచి కిడ్నీ జబ్బుతో ఎంతమంది పట్నానికి వస్తారో మాకు కొత్తగా చెప్పక్కర్లేదు. స్వయంగా వెళ్లి, ఏ వీధి, ఏ వేళ, ఏ కాగితాలు తేవాలి, అన్నీ కనుక్కుని రాశాను. సెర్చ్‌లో అన్నిటికంటే పైన నిలబడింది. దాని గురించి తెలుగులో రాసినవాళ్లు వేరే ఎవరూ లేరు, అందుకని. తేదీ వల్ల కాదు. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు.

రోజూ కొత్తది ఎక్కణ్నుంచి తేను? పాత పేజీల్లో మొదటి వాక్యం అటూఇటూ మార్చి, పైన "ఈరోజు సరిచూసినది" అని ఆ రోజు తేదీ వెయ్యడం మొదలుపెట్టాను. ఓనరు వెయ్యమనలేదు, వద్దనలేదు. ఆయన మీదకు తోసెయ్యను. తేదీ మార్చిన వేలు నాది.

ఒకరోజు ఆ డయాలసిస్ పేజీ కింద ఎవరో రాశారు. సెంటరు అక్కణ్నుంచి మారిపోయిందట. కొత్త చోటు కూడా వివరంగా రాశారు. చదివాను. ఒక్కసారి వెళ్లి చూసొస్తే సరిపోయేది. ఆటోలో ఎంతసేపు? పేజీ తప్పని నలుగురికీ కనబడుతుందేమో అనుకున్నాను. ఆ వ్యాఖ్యను కనబడకుండా చేశాను. రేపు చూద్దాంలే అనుకున్నాను. తేదీ మాత్రం రోజూ మార్చాను.

తర్వాత ఆమె ఫోన్ చేసింది.

"అమ్మా, మాది కవిటి అవతల. నీ పేజీ కింద నంబరుంటే సేసేను. ఈడ తలుపుకి తాళమున్నాది. మా ఆయన కూకోలేకపోతన్నాడు. ఒల్లంతా నీరు పట్టీసింది."

"ఆ పేజీ ఈరోజే సరిచూశామండీ. మీరు వేరే వీధికి వెళ్లుంటారు."

ఈ మాట ఆలోచించి అనలేదు. ఆలోచించకుండానే అంత చక్కగా ఎలా వచ్చింది? ఇప్పటికీ నన్ను నేను అదే అడుగుతుంటాను.

"మా కోడలు సదివే తీసుకొచ్చిందమ్మా. ఇయ్యాల్టి తేదీయే ఉన్నాదంట."

"అయితే ఆ అమ్మాయి సరిగ్గా చదివుండదు."

ఆమె పక్కకు తిరిగి, "ఒసే, తప్పు సదివేవంట. నీ సదువు తగలెయ్య, ఈ మనిషిని ఇంత దూరం ఈడ్సుకొచ్చేవు" అని కసిరింది. మళ్లీ నాతో మెత్తగా, "పోనీలేమ్మా, తప్పు మాదే. ఇప్పుడు ఎక్కడికెల్లాల? నీకు తెలుసా?" అంది.

తెలుసు. వీధి పేరుతో సహా తెలుసు. చెప్తే నా పేజీ తప్పని తేలిపోతుంది, ఆ కోడలు సరిగ్గానే చదివిందని తేలిపోతుంది.

"నాకు తెలియదండీ. అక్కడెవరినైనా అడగండి" అన్నాను.

పెట్టేశాక కుర్చీలో ఉండలేకపోయాను. ఆటో ఎక్కి ఆ పాత సెంటరుకు వెళ్లాను. తాళం నిజమే. ఎదురుగా టీ కొట్టతను, వాళ్లు చాలాసేపు మెట్ల మీదే కూర్చుని బస్టాండు వైపు వెళ్లిపోయారన్నాడు. కొత్త సెంటరులో అడిగితే అలాంటివాళ్లెవరూ రాలేదన్నారు. నా చేతిలో ఫోన్ ఉంది, అందులో ఆమె నంబరు ఉంది. చెయ్యలేదు. ఆఫీసుకొచ్చి పేజీ దిద్దాను, ఆ మోసపు తేదీలన్నీ తీసేశాను. ఓనరు అరిచాడు. నేనూ అరిచి, ఉద్యోగం మానేశాను. దీన్ని నా మంచితనంలో కలపకండి. పారిపోవడానికి అదొక మర్యాదైన దారి.

మొన్న ఒక కాలేజీలో వెబ్‌సైట్ల గురించి మాట్లాడమంటే వెళ్లాను. తేదీల మోసం గురించి గట్టిగానే మాట్లాడాను. ఒక అమ్మాయి లేచి, "తేదీ మారిస్తే ఎవరికి నష్టం మేడమ్?" అంది. నమ్మకం, విలువలు అంటూ ఏవేవో చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు భరించలేకపోయాను.

మర్నాడు ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఎన్ని ఫోన్లు మార్చినా అది నా వెంటే వచ్చింది. కోడలే ఎత్తింది. ఫలానా రోజు, ఫలానా పేజీ అని చెప్పగానే ఆమెకు గుర్తొచ్చింది. మావ ఆ ఏడాదే పోయాడంది. ఆ రోజు వల్లేనా? నేనడగలేదు, ఆమె చెప్పలేదు. "బస్సులో అందరి ముందరా తిట్టింది మా అత్త. ఇప్పటికీ మందుసీటీ నా సేతికివ్వదు. పక్కింటోల్ల సేత సదివిస్తాది" అంది.

అదీ నష్టం. ఆ కాలేజీ అమ్మాయికి నేను చెప్పలేకపోయింది అదే.

"నువ్వు సరిగ్గానే చదివావమ్మా. తప్పు రాసింది నేను. తెలిసీ నీమీద వేశాను" అన్నాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నాకెందుకు సెప్తన్నారు? మా అత్తకి సెప్పండి. ఉండండి, ఇస్తన్నాను" అంది.

పెట్టేయొచ్చు. ఆ ఆలోచన వేలు దాకా వచ్చింది. పెట్టలేదు.

ముసలామె వచ్చింది. మొత్తం చెప్పాను, ఒక్క మాట తగ్గించకుండా. నడుమ అడ్డు రాలేదు. అయ్యాక ఒక్కటే అడిగింది.

"అయితే ఆ రోజు ఎక్కడికెల్లాలో నీకు తెలుసా?"

"తెలుసండీ."

ఫోన్ పెట్టేసింది. పెట్టేముందు, "ఒసే, ఇలగ రా" అని కోడల్ని పిలవడం వినబడింది. ఆ తర్వాత వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. తెలుసుకునే హక్కు కూడా లేదు. మళ్లీ చెయ్యలేదు.

మీరేమనుకున్నా అనుకోండి. ఆ "తెలుసు" అన్న మాట నోట్లోంచి బయటపడ్డాక నాకు తేలిగ్గా ఉంది. తేలిగ్గా ఉన్నందుకు సిగ్గుపడమంటే మాత్రం పడను.