చిలకలగూడ షెల్టరు కుడి చివర

2003 వేసవిలో నన్ను సికింద్రాబాద్ డివిజన్‌కు డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. నగర ఇంజనీరింగ్ శాఖలో అది మధ్య మెట్టు. కింద ఏఈలు, అంటే అసిస్టెంట్ ఇంజనీర్లు, ఎండలో నిలబడి పని చేయిస్తారు. పైన ఈఈ, ఆ పైన ఎస్‌ఈ, అంటే సూపరింటెండింగ్ ఇంజనీరు, ఫ్యాను కింద సంతకాలు పెడతారు. మధ్యలో ఉన్న డీఈఈ రెండు వైపుల నుంచీ తిట్లు తింటాడు. నా విషయంలో తింటుంది. ఫ్లైఓవర్లు, పెద్ద రోడ్లు కావలసినవాళ్లు పంచుకోగా మిగిలిన బస్ షెల్టర్లు నాకు వచ్చాయి. మేడమ్‌కి షెల్టర్లిస్తే నీడపట్టున ఉంటారని మీటింగులో ఎవరో జోకు వేశారు. అందరూ నవ్వారు. విజయనగరం నుంచి వచ్చి ఈ ఊళ్లో అప్పటికే సగం సర్వీసు చేసినదాన్ని, ఇలాంటి జోకులు నాకు కొత్త కాదు. నేను మాత్రం నవ్వలేదు.

నగరమంతా కంప్యూటరు జపం చేస్తున్న రోజులవి. మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేస్తున్నాయి, మిగతా ఊరు కూడా అలాగే మెరవాలని పైవాళ్లకు ఒకటే ఆత్రం. మా పాత షెల్టర్లు మెరిసే రకం కావు. నాలుగు స్తంభాలు, పైన స్లాబు, కింద సిమెంటు అరుగు. స్తంభాల నిండా కోచింగ్ సెంటర్ల పోస్టర్లు, మూలల్లో పాన్ ఉమ్ములు. చూడ్డానికి బాగుండవు గాని వానకి తలదాచుకోవచ్చు, నడుం వాల్చవచ్చు, కూరగాయల గంప దించుకోవచ్చు. వాటిని కొట్టేసి స్టీలు గొట్టాలతో, అద్దాలతో కొత్తవి కట్టించారు. కట్టేది ఒక ప్రైవేటు ఏజెన్సీ. ఖర్చంతా వాళ్లదే, బదులుగా కొన్నేళ్లు ప్రకటనలు వేసుకుని సంపాదించుకుంటారు, ఆ తర్వాత మాకు అప్పగిస్తారు. ఆ ప్రకటనల కోసం ప్రతి షెల్టరుకూ ఒక చివర మనిషి కంటే ఎత్తైన పెట్టె ఒకటి అడ్డుగోడలా నిలబెట్టారు. రెండు ముఖాలా అద్దం, లోపల ట్యూబులైట్లు, వాటి వెలుగులో సెల్‌ఫోను బొమ్మో, అమెరికా వీసా ఇప్పించే కన్సల్టెన్సీ బొమ్మో. మా భాషలో దాని పేరు లైట్ బాక్సు. డ్రాయింగు నేను రాకముందే పైన ఖరారైపోయింది. ఎక్కడైనా ఏదైనా పగిలితే డ్యామేజీ రిపోర్టు రాయడం, అవసరమైతే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వడం నా వంతు.

పగలడం త్వరగానే మొదలైంది. చాలా చోట్ల లైట్ బాక్సుల అద్దాలు పోతున్నాయి గాని చిలకలగూడ షెల్టరుది మరీ అన్యాయం. కొత్త అద్దం బిగించి ఏజెన్సీవాళ్లు వెనక్కి తిరిగేలోగా మళ్లీ పగిలేది. ప్రతి సమీక్షలోనూ ఎస్‌ఈ గారు ఒకటే మాట అనేవారు. మనవాళ్లకి ఇలాంటివి ఇస్తే కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టేనట. ఏజెన్సీ మేనేజరు ఇంకో అడుగు ముందుకు వేసి, పోకిరీలు అక్కడ చేరకుండా బెంచీలు తీసేసి, ఆనుకోవడానికి ఒక వాలు గొట్టం పెడతామని ప్రతిపాదించాడు. కూర్చోవడానికి కట్టినదాంట్లోంచి కూర్చునే చోటు తీసేస్తారట. ఈ 'మనవాళ్లు' అనే మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. అనే పెద్దమనిషి తనను అందులో కలుపుకోడు.

పగలగొట్టడంలోనూ రకాలున్నాయి. పేర్లు గీకేవాడు అద్దాన్ని పగలగొట్టడు, వాడికి దాని మీద రాసుకునే పని ఉంది. దొంగ అల్యూమినియం చట్రం ఊడదీసుకుపోతాడు, ట్యూబులైట్లు వదలడు. తాగినవాడు ఏది చేతికి దొరికితే దాన్ని తంతాడు. చిలకలగూడలో ఇవేవీ కావు. ట్యూబులు ఎక్కడివక్కడే ఉన్నాయి, వెనక అద్దం మీద గీత లేదు, బెంచీ చెక్కుచెదరలేదు. పోయేది లైట్ బాక్సు ఒక్కటే. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తారంటారు. ఇక్కడ కోపం సరాసరి దుత్త మీదే ఉన్నట్టు కనిపించింది. ఎందుకో మాత్రం అప్పటికి నాకు తెలియలేదు.

వానలు మొదలైన కొత్తలో ఒక ఉదయం ఎస్‌ఈ గారు ఫోన్ చేశారు. చిలకలగూడలో మనిషి దొరికింది, పట్టపగలు అందరూ చూస్తుండగా రాయి తీసుకుని కొట్టింది, ఏజెన్సీ వాచ్‌మన్ పట్టుకుని పోలీసులకు అప్పగించాడు, మీరు వెంటనే వెళ్లి ఫిర్యాదు ఇవ్వండి అన్నారు. నాలుగు పేపర్లలో ఫోటో పడితే మిగతావాళ్లకి బుద్ధొస్తుందని కూడా అన్నారు. ప్రభుత్వ ఆస్తికి నష్టం కేసులో ఫిర్యాదు ఆ ఆస్తికి బాధ్యుడైన అధికారి ఇవ్వాలి. ఇక్కడ ఆ అధికారిని నేను. నేను రాసిస్తే కేసు, రాయకపోతే లేదు.

స్టేషన్లో బల్ల మీద కూర్చున్న మనిషి పేరు సత్తెమ్మ. చిలకలగూడలోనే పుట్టి పెరిగింది. కార్ఖానాలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయా. తెల్లచీరలో, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని ఉంది. డ్యూటీకి బయల్దేరి వచ్చి ఈ పని చేసింది. ఎందుకు కొట్టారని అడిగాను. ఏడుస్తుందేమో, నేను కాదంటుందేమో అనుకున్నాను. రెండూ చేయలేదు.

"కొట్టిన మేడమ్. నేనే కొట్టిన, అబద్ధమెందుకు చెప్త? గా డబ్బా అడ్డం పెట్టిండ్రు, బస్సు కానొస్తలేదు. రోడ్డు మీదికి పోయి నిలబడితె మా మరదలిని ఆటో గుద్దింది. కాలు ఇరిగి ఇంట్ల పడి ఉన్నది. ఆటోవాడు ఏమంటుండు తెల్సా? షెల్టరు ఉండంగ రోడ్డు మీద ఎందుకు నిలబడ్డరు అంటుండు."

పగలగొట్టడం తప్పు కదా, మాకు చెప్పవలసింది కదా అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవలకు చెప్పాలె? యాడ్ ఏసుకునేటోళ్లకు గా డబ్బా మీద ఫోన్ నంబరు ఉన్నది. కూసునేటోళ్లకు ఏ నంబరు లేదు."

ఎస్సై నన్ను పక్కకు పిలిచాడు. మంచివాడే. "జెర సోచాయించి రాయుండ్రి మేడమ్," అన్నాడు. "ఒక్కసారి కేసు షురూ అయితే నా చేతుల ఉండదు. నర్సింగ్ హోమోళ్లకు తెలిస్తే గామె నౌకరీ సుత పోతది. పైకెళ్లి ఫోన్లు వస్తున్నయ్, నాకదొక పరేషాన్." ఆ ఇంట్లో ఇప్పుడు సంపాదించేది ఆవిడ ఒక్కతేనని కూడా చెప్పాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు వేయడానికి నా సంతకం కావాలన్నమాట.

మా నియమం ప్రకారం ఫిర్యాదుతో పాటు డ్యామేజీ రిపోర్టు ఉండాలి, అందులో నష్టానికి కారణం రాయాలి. మామూలుగా అక్కడ 'గుర్తు తెలియని వ్యక్తులు' అని రాసి ఊరుకుంటారు. ఈసారి వ్యక్తి తెలిసింది, కారణం నేను చూసి రాస్తానని చెప్పి షెల్టరు దగ్గరికి వెళ్లాను.

వెళ్లి, బెంచీ మీద కూర్చున్నాను. ఇంజనీర్లు షెల్టరు ముందు నిలబడి కొలతలు తీసుకుంటారు, ఫోటో తీయిస్తారు, జీపెక్కుతారు. అందులో కూర్చుని బస్సు కోసం ఎదురుచూసే పని మాది కాదు. కూర్చుంటే తెలిసింది. మన దగ్గర బళ్లు రోడ్డుకి ఎడమ పక్కన నడుస్తాయి. కాబట్టి షెల్టరులో రోడ్డు వైపు తిరిగి కూర్చున్న మనిషికి బస్సు కుడిచేతి వైపు నుంచి వస్తుంది. లైట్ బాక్సు సరిగ్గా ఆ కుడి చివరే ఉంది. మెడ ఎంత చాచినా కనిపించేది పగిలిన అద్దం వెనక నవ్వుతున్న సెల్‌ఫోను పిల్ల. ఎడమ చివర మాత్రం హాయిగా తెరిచి ఉంది. మనల్ని వదిలేసి వెళ్లిపోయే బస్సు వెనక భాగం అటు నుంచి బ్రహ్మాండంగా కనిపిస్తుంది.

మన ఊళ్లో బస్సెక్కేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. దూరం నుంచే నంబరు చదవాలి, రోడ్డు అంచుకు వచ్చి చెయ్యెత్తాలి. చెయ్యి కనిపించకపోతే డ్రైవరు ఆపడు, ఆపినా స్టాపు దాటాక ఎక్కడో ఆపుతాడు, పరుగెత్తాలి. అంటే మనిషికి బస్సు కనిపించాలి, బస్సుకు మనిషి కనిపించాలి. మా వాడుకలో దీన్ని చూపురేఖ అంటాం. ఆ పెట్టె రెండింటినీ కోసేసింది. నేను చూస్తుండగానే బెంచీ ఖాళీగా ఉంది, జనమంతా వానలో రోడ్డు మీద నిలబడి ఉన్నారు. ఆటోలు వాళ్లను రాసుకుంటూ పోతున్నాయి.

నేనింకా అక్కడ కూర్చుని ఉండగానే ఎస్‌ఈ గారు, ఏజెన్సీ మేనేజరు ఇద్దరు విలేకరులను వెంటబెట్టుకుని వచ్చారు. పగిలిన అద్దం ముందు ఫోటో దిగే ఏర్పాటు. మేనేజరు కుర్రాడు, టై కట్టుకున్నాడు. ఈ డిజైను ఎక్కడిదని అడిగాను.

"ఇంటర్నేషనల్ డిజైన్ మేడమ్. నేనే స్వయంగా యూరప్ వెళ్లి చూసొచ్చా. యాజ్ ఇట్ ఈజ్ దింపాం. ఒక్క సెంటీమీటర్ కూడా తేడా రాదు."

"అక్కడ బళ్లు రోడ్డుకి ఏ పక్కన నడుస్తాయండీ?"

కుడి పక్కన అన్నాడు. అక్కడ బస్సు ఎడమ నుంచి వస్తుంది, కుడి చివర పెట్టె ఎవరికీ అడ్డు రాదు. పటాన్ని తిరగేయకుండా తెచ్చి చిలకలగూడలో దింపేశారు. మేనేజరు కంటే ముందు ఎస్‌ఈ గారికి అర్థమైంది. ఆయన ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు చూసి, గొడుగు ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. తెలివైన ఇంజనీరు. ఆ డ్రాయింగు మీద ఆయన సంతకమూ ఉంది, ఆయన పైవాళ్లదీ ఉంది. తిలా పాపం తలా పిడికెడు.

మేనేజరు తేరుకుని, ఇప్పుడు మార్చడం కుదరదన్నాడు. వచ్చే బళ్లన్నింటికీ ప్రకటన ఎదురుగా కనపడేది ఆ చివరేనట, క్లయింట్లకు ఆ మాటే ఇచ్చారట. అంటే కార్లలో పోయేవాళ్లకి సెల్‌ఫోను బొమ్మ కనిపించాలి, బస్సుకి నిలబడ్డవాళ్లకి బస్సు కనిపించకపోయినా పరవాలేదు. అదే మాట పైకే అన్నాను. విలేకరులు నా వైపు తిరిగారు.

ఎస్‌ఈ గారు నన్ను షెల్టరు వెనక్కి తీసుకెళ్లారు. "అమ్మా, మీరు చెప్పింది నిజమే. బాక్సు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ కంప్లయింట్ ఇచ్చేయండి," అన్నారు. నేను ఇవ్వనని చెప్పలేదు. ఆవిడ అద్దం పగలగొట్టిందని రాస్తాను, ఆ పెట్టె ఆ చివర ఎందుకు ఉండకూడదో, దాన్ని ఎవరెవరు ఆమోదించారో కూడా అదే కాగితంలో రాస్తాను, ఒకటి రాసి ఒకటి దాచనని చెప్పాను. ఆ కాగితం కోర్టుకు వెళ్తే ఏమవుతుందో ఆయనకు నేను వివరించనక్కర్లేదు.

"మీకు ఈ సీటు ఉండదు," అన్నారు.

"షెల్టర్ల సీటే కదండీ. ఏటి సింహాసనమా?"

కోపంగా ఉన్నప్పుడు నాకు మా ఊరి యాస వచ్చేస్తుంది.

అన్న ప్రకారమే రాశాను. ఒక ప్రతి ఎస్సై చేతికి, ఒకటి ఎస్‌ఈ గారి ఆఫీసుకు. ఎస్సై చదివి, దీని మీద కేసు కడితే ముందు మీవాళ్లనే పిలవాల్సి వస్తది మేడమ్ అని నవ్వాడు. మా ఎస్‌ఈ గారి నుంచి ఫోన్ రానే వచ్చింది, ఫిర్యాదు వద్దని. మధ్యాహ్నానికి సత్తెమ్మను పంపేశారు. నాకు దండం పెట్టలేదు, థాంక్స్ చెప్పలేదు. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "గా డబ్బా తీస్తరా, తియ్యరా?" అని అడిగింది. తీయిస్తానన్నాను. "చూస్త," అని వెళ్లిపోయింది. నాకా మాట నచ్చింది.

తీయించాను. నా రిపోర్టు ఇంకా పైకి పోతుందేమోనన్న భయం ఎస్‌ఈ గారికి ఉండనే ఉంది, దాన్ని పూర్తిగా వాడుకున్నాను. ఆ వర్షాకాలం ముగిసేలోగా చిలకలగూడతో మొదలుపెట్టి డివిజన్లో అన్ని షెల్టర్లకూ లైట్ బాక్సు ఎడమ చివరకు మారింది. బెంచీలు ఉన్నచోటే ఉన్నాయి. చిలకలగూడ అద్దం ఆ తర్వాత నేనున్నన్నాళ్లూ పగలలేదు. నేనున్నది కూడా ఎన్నాళ్లో కాదు, దసరా వెళ్లగానే నన్ను మురుగు కాలువలు చూసే నాలాల విభాగానికి బదిలీ చేశారు. ఎందుకొచ్చిన గొడవ అని ఆ సాయంత్రం నేరేడ్‌మెట్‌లో ఇంటికి వెళ్లాక మావారు అన్నారు. ముక్కు మూసుకుని నాలాలు కూడా చూశాను. ఆ బదిలీ ఆపమని ఎవరినీ అడగలేదు.

ఆ తర్వాత నా చేతికి ఏ పని వచ్చినా, పార్కు బెంచీ అయినా, వీధి కుళాయి అయినా, పగిలినవి ఎక్కడున్నాయో ముందు అవి చూపించమనేదాన్ని. ఒకే వస్తువు ఒకే చోట మళ్లీ మళ్లీ పగులుతుంటే, చెయ్యి ఎవరిదో తర్వాత వెతకవచ్చు, ముందు దాన్ని వాడిచూడాలి. కొత్తగా చేరిన ఇంజనీర్లకు ఇప్పటికీ ఇదే చెబుతాను. అయితే జనం పగలగొట్టడాన్ని సమర్థిస్తారా అని వాళ్లు అడుగుతారు. సత్తెమ్మ చేసింది తప్పే, ఆ రోజు ఆవిడ ముఖం మీదే అన్నాను. కానీ ఆవిడ మర్యాదగా ఒక అర్జీ రాసిచ్చి ఊరుకుని ఉంటే, మా శాఖలో ఒక్కరు కూడా వెళ్లి ఆ బెంచీ మీద కూర్చునేవారు కాదు.