రెండు బాణాల పిస్తోలు

దసరాకి ముందు రోజు ఇత్తడి సామాను తోముతున్నప్పుడు చింతపండు పులుపు వాసన తగిలితే ఇప్పటికీ నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. బిందెలు, కుందులు, పళ్ళేలు ముందు వరసగా ఉంటాయి. వాటి మధ్య ఉండకూడని వస్తువేదైనా ఉందేమోనని ఒకసారి చూసుకుంటాను. ఉండదని తెలుసు. అయినా చూసుకుంటాను. ఆ అలవాటు నాకు చేసిన మనిషి వీర్రాజు మేస్త్రిగారు. అమలాపురంలో తుపాకులు బాగుచేసే దుకాణం ఆయనది. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆయన ఎలాంటివారో ఎరగని వాళ్ళకి చెప్పాలంటే ముందు నా తెలివితక్కువతనం చెప్పుకోక తప్పదు.

మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధంలో సుబేదారుగా పనిచేసి, యుద్ధం అయ్యాక ఒక ఇనప ట్రంకుపెట్టె, ఒక పిస్తోలు పట్టుకుని ఇంటికి వచ్చారు. ఎడారిలో శత్రువుల ఆఫీసరు ఒకణ్ణి ఒంటిచేత్తో పట్టుకుని, వాడి నడుముకున్న పిస్తోలు లాక్కున్నారని మా ఇంట్లో కథ. నేను పుట్టకముందే తాతగారు పోయారు కాబట్టి ఆ కథ ఆయన నోట వినలేదు, నాన్నగారి నోట విన్నాను. నాన్నగారు చెప్పినప్పుడు శత్రువు ఒక్కడే. మా చిన్నాన్న చెప్పేసరికి ముగ్గురయ్యేవారు. నేను హైస్కూల్లో సోషల్ టీచర్నయ్యాక ఏటా పంద్రాగస్టుకి పిల్లల ముందు ఆ కథ చెప్పి చప్పట్లు కొట్టించుకునేదాన్ని. నేను చెప్పినప్పుడు శత్రువులు ఎంతమందో దయచేసి అడగకండి.

పిస్తోలుకి లైసెన్సు ఉండేది. తూటాలు మాత్రం మేమెవరం చూడలేదు. ఏడాదికొకసారి ఆయుధపూజకి అది పెట్టెలోంచి బయటికి వచ్చేది. కత్తిపీట, కొబ్బరికాయలు ఒలిచే గునపం, నాన్నగారి సైకిలు, వాటి పక్కన పిస్తోలు. పూజలో పెట్టే వస్తువు మురికిగా ఉండకూడదని మా నాయనమ్మ దాన్ని చింతపండు పెట్టి తోమేది. ఆవిడ తర్వాత అమ్మ, అమ్మ తర్వాత నేను. తళతళలాడేదాకా తోమి, కొబ్బరినూనె రాసి, పసుపూ కుంకుమా పెట్టేవాళ్ళం. ఆ మెరుపు చూసుకుని ఇంటిల్లిపాదీ మురిసిపోయేవాళ్ళం.

నాన్నగారు పోయాక లైసెన్సు నా పేరుకి మార్చమని దరఖాస్తు పెట్టాను. అది తేలేదాకా పిస్తోలుని లైసెన్సున్న దుకాణంలో అప్పగించాలి. అలా అది వీర్రాజు మేస్త్రిగారి బీరువాలోకి చేరింది. 'ఈ ఆయుధం మీకు ఎలా వచ్చింది' అన్న చోట 'మా తాతగారు యుద్ధంలో శత్రువు నుంచి స్వాధీనం చేసుకున్నారు' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. నెల తిరక్కుండా కాకినాడ నుంచి నోటీసు వచ్చింది. ఇప్పుడంటే కలెక్టరాఫీసు అమలాపురంలోనే ఉంది గానీ అప్పట్లో అన్నిటికీ కాకినాడే. తనిఖీలో పిస్తోలు మీద సర్కారువారి బాణం గుర్తు కనిపించిందట. సైన్యం సొత్తు మీ ఇంటికి ఎలా చేరిందో సంజాయిషీ ఇవ్వాలి, లేకపోతే జప్తు చేస్తామన్నారు.

నోటీసు తెచ్చిన ఉద్యోగి మర్యాదస్తుడు. "వచ్చేటప్పుడు తాతగారు పట్టుకొచ్చేసుంటారండి. అప్పట్లో చాలామంది తెచ్చేసుకున్నారు, ఏం పర్లేదండి" అన్నాడు ఓదార్పుగా. ఆ ఓదార్పుతో నాకు మూడు రోజులు అన్నం సయించలేదు. పిస్తోలు పోతే పోయింది. సుబేదారుగారు దొంగసొత్తు తెచ్చారన్న మాట ఊళ్ళో పడితే దాన్ని ఎవరు తుడుస్తారు?

ఆదివారం మేస్త్రిగారి దగ్గరికి వెళ్ళాను. గడియార స్తంభం దాటాక ఒక సందులో ఇరుకు గది. ఆయనకి అప్పటికే డెబ్బై దాటాయి. వయసులో ఉన్నప్పుడు సైన్యంలో తుపాకులు మరమ్మతు చేసే పని చేసి వచ్చిన మనిషి. నోటీసు చదివి, బీరువాలోంచి పిస్తోలు తీసి, ముందు వాసన చూశారు.

"చింతపండా అండి?"

"ఆయ్. ఏటా దసరాకి."

"ఎన్నాళ్ళ నుంచండి?"

"మా నాయనమ్మ కాలం నుంచండి."

ఆయన పిస్తోలుని వెలుతురుకేసి తిప్పారు. "తుపాకీకి పైన నల్లటి పూత ఉంటుందండి. అదే దానికి చర్మం. మూడు తరాలు కూర్చుని అరిటిపండు ఒలిచినట్టు ఒలిచేసేరు" అన్నారు. తర్వాత ఒక లావుపాటి పుస్తకం తీసి, కొత్త పేజీ మధ్యన నిలువుగా గీత గీశారు. ఒకవైపు 'చూసింది' అని, రెండోవైపు 'విన్నది' అని రాశారు. ఆయన చేతికి ఏ తుపాకీ వచ్చినా అలా ఒక పేజీ పెట్టడం పద్ధతి. నేను ఎడారి కథ అంతా చెప్పాను. ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా మొత్తం 'విన్నది' కింద రాసుకున్నారు. 'చూసింది' వైపు ఖాళీగానే ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"నా మాట మీద నమ్మకం లేదా అండి?" అన్నాను.

"నమ్మకానికి ఈ పుస్తకంలో చోటు లేదండి" అన్నారాయన, కలం మూత పెడుతూ.

ఆ తర్వాత వరసగా నాలుగు ఆదివారాలు వెళ్ళాను. ఎండిపోయిన కొబ్బరినూనె, దానికి పట్టిన కుంకుమ సందుల్లో రాయిలా గట్టిపడి ఉన్నాయి. ఆయన కిరసనాయిలులో తడిపిన గుడ్డతో నానబెట్టి, కొబ్బరి ఈనెతో కొంచెం కొంచెం తీసేవారు. ఇనప ముక్క తగలనిచ్చేవారు కాదు. రెండో ఆదివారం చిన్నాన్న కూడా నాతో వచ్చాడు. ఆ రోజే మేస్త్రిగారు తల ఎత్తి అసలు సంగతి చెప్పారు.

"ఇది శత్రువుది కాదండి. మనవైపుదే. మన సైన్యంలో ఆఫీసర్లకీ సుబేదార్లకీ ఇచ్చిన రకం. శత్రువులవి కూడా నా చేతుల్లోంచి వెళ్ళేయి, వాటి వాలకం వేరు."

నాకు ఇన్నేళ్ళ చప్పట్లూ గుర్తుకొచ్చాయి. చిన్నాన్న మాత్రం చటుక్కున ఉపాయం చెప్పాడు. "అయితే ఆ బాణమే కదండి అడ్డం? ఎలాగూ సగం అరిగింది. ఇంకోసారి గట్టిగా తోమేస్తే సరిపోలా?"

నేను వద్దనలేదు. ఆ మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగానే ఉంది. మేస్త్రిగారు ఏమంటారోనని ఆశగా చూశాను.

"గుర్తు చెరపడం నేరమండి, అదొకటి" అన్నారాయన చిన్నాన్నతో. "రెండోది, మీ నాన్నగారు వచ్చి సాక్ష్యం చెప్పుకోలేరు. ఆయన తరఫున మిగిలిన సాక్షి ఇదొక్కటే. దాని నోరు మీరే నొక్కేస్తారా అండి?" చిన్నాన్న చెప్పులేసుకుని విసవిసా వెళ్ళిపోయాడు.

నాలుగో ఆదివారానికి గొట్టం మొదట్లో, ఫ్రేము దగ్గర పేరుకున్నదంతా ఊడి వచ్చింది. మేస్త్రిగారు భూతద్దంతో చాలాసేపు చూసి కళ్ళు నులుముకున్నారు. "నా చూపు ఇక్కడితో సరి. మీరు చూడండి. లైటు పైనుంచి కాదు, పక్కనుంచి ఏటవాలుగా పట్టండి" అన్నారు. తోమి తోమి తెల్లబడ్డ ఇనుము మీద నాకేం కనిపించలేదు. అప్పుడాయన ఒక కాటుక డబ్బీ తీసి, అక్కడ రాసి, మెత్తటి గుడ్డతో పైపైన తుడిచారు. పల్లంలో మాత్రం నలుపు నిలిచింది. పాత బాణం కనిపించింది. దానికి ఎదురుగా ఇంకేదో ఉంది.

"ఇంకో గీత ఉందండి" అన్నాను.

"గీతో గుర్తో నాకు చెప్పకండి. ముందు బొమ్మ వెయ్యండి. అర్థం తర్వాత చూద్దాం."

వేశాను. రెండు బాణాలు, ఒకదానికెదురుగా ఒకటి, ములుకుకి ములుకు ఆనించి ఉన్నాయి. ఆయన నా బొమ్మ చూశారు. లేచి వెళ్ళి చేతులు కడుక్కుని, తుడుచుకుని, వచ్చి కూర్చున్నారు.

"ఒక్క బాణం ఉంటే సర్కారు సొత్తండి. ఎదురుగా రెండోది కొట్టేరంటే, సర్కారే లెక్కప్రకారం బయటికి వదిలేసిందని. దొంగిలించినవాడు రెండో బాణం కొట్టించుకోలేడండి."

నాకు ఏడుపు ఆగలేదు. "ఏడుపు తర్వాతండి, ముందు రాయండి" అని పుస్తకం నా ముందుకి తోశారు. 'చూసింది' కింద నా చేత్తో నేనే రాశాను. "తాతగారు కొనుక్కున్నారంటారా, మెచ్చి ఇచ్చారంటారా?" అని అడిగితే, "తెలీదండి. తెలీదని కూడా రాయండి" అన్నారు.

విచారణ రోజున ఆయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని నాతో కాకినాడ బస్సెక్కారు. చిన్నాన్న కూడా అలక మాని వచ్చాడు. అధికారి ఆ గుర్తుల ఫొటోలు చూశారు, మేస్త్రిగారు రాసిచ్చిన కాగితం చదివారు, తాతగారి సైన్యం కాగితాల్లో హోదా సరిచూసుకున్నారు. ఇబ్బందేమీ లేదన్నారు. నేను ఊపిరి పీల్చుకునేలోపు నా దరఖాస్తు మీద ఆయన వేలు ఆగింది.

"ఇందులో శత్రువు నుంచి స్వాధీనం అని రాసేరు. ఇప్పుడు మన సైన్యందే అంటున్నారు. ఏది నిజమండి?"

గదినిండా జనం. మా ఊరివాళ్ళు కూడా ఇద్దరున్నారు. వెనక చిన్నాన్న దగ్గాడు. ఆ దగ్గుకి అర్థం నాకు తెలుసు. ఎడారిలో పోయింది మనవాళ్ళ పిస్తోలే, శత్రువు దగ్గర్నుంచి తాతగారు తిరిగి లాక్కొచ్చారని చెప్పేస్తే కథా దక్కుతుంది, పిస్తోలూ దక్కుతుంది. బస్సులో చిన్నాన్న నేర్పిన పాఠం అదే. నేను మేస్త్రిగారి వైపు చూశాను. ఆయన నా వైపు చూడకుండా తిరుగుతున్న ఫ్యాను చూస్తున్నారు.

"అది మా ఇంట్లో విన్నదండి" అన్నాను. "చూడకుండా రాసేను. తప్పు నాదే. ఇప్పుడు మీకిచ్చింది చూసిందండి."

అధికారి తల ఊపి, ఆ ముక్కే రాసి సంతకం పెట్టమన్నారు. కొన్ని వారాలకి లైసెన్సు వచ్చింది. విచారణ రోజు తిరుగు ప్రయాణంలో చిన్నాన్న నాతో మాట్లాడలేదు. యానాం దాటి బస్సు వంతెన ఎక్కాక మేస్త్రిగారు గోదావరి వైపు చూస్తూ, "శత్రువు దగ్గర లాక్కున్నది ఎందుకండి మీ తాతగారికి? మన సైన్యమే నమ్మి వదిలింది ఉండగా" అన్నారు. చిన్నాన్న కిటికీలోంచి ముఖం ఇటు తిప్పి, ఆయన్ని వేరుశనక్కాయలు తీసుకోమన్నాడు.

ఆ ఏడు పంద్రాగస్టుకి పిల్లలకి ఉన్నదున్నట్టు చెప్పాను. "అయితే మీ తాతగారు ఎవర్నీ పట్టుకోలేదా అండి?" అని వెనక బెంచీ అమ్మాయి నిరాశగా అడిగింది. "తెలీదమ్మా" అన్నాను. టీచరుగా ఆ మాట గట్టిగా అనడం నాకదే మొదటిసారి. ఇప్పుడు నా క్లాసులో పిల్లల నోటుబుక్కుల్లో కూడా పేజీకి నడుమ గీత ఉంటుంది. మేస్త్రిగారి చూపు మరీ మందగించాక సెలవుల్లో వెళ్ళి నేనే ఆయన పుస్తకం రాసిపెట్టేదాన్ని. అన్నేళ్ళలో ఒక్కసారైనా 'బాగా చేసేరండి' అన్నది లేదు. అక్షరం వంకరపోతే మాత్రం భూతద్దం తెప్పించుకుని మరీ పట్టుకునేవారు.

ఆయన పెద్దకర్మ అయ్యాక వాళ్ళబ్బాయి ఆ పాత పుస్తకం నా చేతిలో పెట్టాడు. మా పిస్తోలు పేజీ తీశాను. 'విన్నది' కింద ఎడారి కథ అలాగే ఉంది, కొట్టెయ్యలేదు. 'చూసింది' కింద నా గుండ్రటి అక్షరాలు, రెండు బాణాల బొమ్మ. వాటి కింద, నేనెప్పుడూ గమనించని చోట, ఆయన ఏటవాలు అక్షరాలతో ఇంకో రెండు ముక్కలు ఉన్నాయి: 'కాకినాడలో నలుగురి ముందు సుబేదారుగారి మనవరాలు నిజం చెప్పింది. నేను అక్కడే ఉన్నాను.'

ఆయన నన్ను మెచ్చుకోగా నేను ఎన్నడూ వినలేదు. చూశాను.