వరసలో మూడో మనిషి

హౌస్ సర్జన్‌గా ఎమర్జెన్సీ పోస్టింగులో ఉన్న రోజులవి. ఓ ఉదయం డ్యూటీ దిగి ఏలూరులో తాడేపల్లిగూడెం బస్సెక్కాను. ఒళ్లో మడిచి పెట్టుకున్న తెల్లకోటు చూసి పక్క సీట్లో పెద్దాయన పలకరించారు.

"డాక్టరమ్మగారాండీ?"

"ఇంకా నేర్చుకుంటున్నానండీ."

ఆయన కిటికీలోంచి చేపల చెరువుల వైపు చెయ్యి చూపించారు.

"చెరువు గట్టు మీద మా ఆవిడని పాము కరిచిందండీ. కొల్లేటి లోపల్నుంచి ఆసుపత్రికి తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. పెద్ద డాక్టరుగారు మీలాంటి పిల్లల్ని నలుగుర్ని వరసలో నిలబెట్టారు. ఒకరి తరవాత ఒకరు గుండె నొక్కారండీ. మొదటి అబ్బాయి నొక్కుతుండగానే అయిపోయిందని నాకు తెలిసిపోయింది. ఆవిడ పాదం నా చేతిలోనే ఉంది కదండీ, చల్లబడిపోయింది."

"మరి ఆపమనలేదా?"

"పిల్లలు నేర్చుకుంటున్నారు కదా అని ఊరుకున్నానండీ."

ఆ వరసలో మూడో మనిషిని నేనే. ఆ రోజు ముఖానికి మాస్కు ఉండటం వల్ల ఆయన గుర్తుపట్టలేదు. ఆవిడ పోయిందని అప్పటికే మా అందరికీ తెలుసు. నా వంతు వచ్చినప్పుడు ఆవిడ ముఖం కూడా చూడలేదు. గుండె నొక్కేటప్పుడు మోచేతులు వంగకూడదని నేర్పారు, అవి వంగకుండా ఉన్నాయా లేదా అన్నదే చూసుకున్నాను.

గుండుగొలనులో దిగబోతూ ఆయన కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగారు.

"వాళ్లకి ఆ పని వచ్చేసుంటుందంటారా అమ్మా?"

"వచ్చే ఉంటుందండీ," అన్నాను.

ఆ తరవాత నా వంతు చాలాసార్లు వచ్చింది. ఇప్పుడు నా మోచేతులు వంగడం లేదు. నేను గుండె నొక్కినవాళ్లలో ఇంతవరకు ఒక్కరూ లేవలేదు.