సూరన్న పేరున పెట్టిన పిండం

ఖరగ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ హాల్లో, పక్కన కూర్చున్న తెలుగు ముసలాయనకి మా ముత్తాత బొంతల సూరన్న గురించి గొప్పగా చెబుతున్నాను. ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో కమ్మరి ఆయన.

ముసలాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"బొంతల సూరన్న మా తాత, బాబూ. పన్లో సేరకముందే జొరంతో పోయినాడు. ఆయన ఉద్యోగం చీటీ సూపించి, ఆయన పేరుతో తోటోడొకడు సేరిపోయినాడు. అప్పట్లో శానామంది అలాగే సేరినారు."

అంటే ఆ తోటోడే మా ముత్తాత.

"ఆ పేరున పిండం పెడతన్నారా?"

"ఏటా మహాలయ అమావాస్యకి పెడతాం."

ఆయన నాకు దండం పెట్టాడు. "మా ఇంట ఎవలం ఎప్పుడూ పెట్టలేదు. మా తాతకి మీరే పెడతన్నారు."

"మరి మా ముత్తాత అసలు పేరేంటి? ఇంటిపేరేంటి?"

"ఎవలికీ తెల్దు, బాబూ."

ఇప్పుడు రెండు పిండాలు పెడుతున్నాను. రెండోది పెట్టేటప్పుడు ఏ పేరూ చెప్పను.