బర్ల్ బావ నమిలిన గుడ్డముక్కలు

మా బర్ల్ బావ అంత నిదానం మనిషిని కెంటకీ కొండల్లో నేను మళ్ళీ చూడలేదు. మూతిలోంచి తుపాకీమందు పోసి, గుండు దట్టించి పేల్చే వాళ్ళ తాతల నాటి తుపాకీ ఒకటి ఆయనకుండేది. ఆయన దాన్ని నింపి భుజానికెత్తేలోగా నేను కోడిని కోసి, ఈకలు పీకి, పొయ్యి మీదికి ఎక్కించేసేదాన్ని. మా అక్క ఓమా మొగుడు కాబట్టి ఎన్ని మాటలన్నా పడేవాడు. నలభై ఏళ్ళు రంపపు మిల్లులో దుంగలు కోసి, సగం చూపుడువేలు, ఒక చెవి వినికిడి అక్కడే వదిలేసి వచ్చాడు. ఒక్కనాడూ దాని గురించి గొణగలేదు. గొణగడమంతా మా ఇంట్లో నా వాటాకే వచ్చింది.

ఆ తుపాకీ గొట్టం లోపల నున్నగా ఉంటుంది. గుండుని తిప్పి సూటిగా పంపే గాడులేవీ ఉండవు. భారమంతా గుండుకి చుట్టే గుడ్డముక్కదే. గుడ్డ పల్చనైతే గుండు లోపల కదులుతుంది, మందమైతే దిగనే దిగదు, కాలిపోతే గుండు దాని ఇష్టం వచ్చిన దారిన పోతుంది. అందుకే బావ గుండు ఎంత, మందు ఎంత, గుడ్డ ఎంత, దానికి పూసే కొవ్వు ఎంత అని ఏడాది పొడుగునా తూచుకుంటూనే ఉండేవాడు. పేల్చిన ప్రతిసారీ గడ్డిలో పడిన గుడ్డముక్కని ఏరుకొచ్చి చూడాలి. నడుమ నల్లటి చుట్టు మాత్రమే ఉంటే సరిగ్గా పేలినట్టు. చిల్లులు పడితే ఎక్కడో తేడా ఉన్నట్టు. ఆయన మోకాళ్ళు వంగవు కాబట్టి ఏరే పని నాది. ముప్పై ఏళ్ళు ఏరాను. నా నడుం సంగతి ఎవరూ అడగలేదు.

నవంబరు మొదటి శనివారం మా దగ్గర ఎద్దు పందెం జరుగుతుంది. అందరూ కలిసి మాంసానికి ఒక ఎద్దుని కొంటారు. నలభై అడుగుల దూరాన, కాల్చి నల్లబరిచిన చెక్క మీద కత్తితో గీసిన ఇంటూ గుర్తుకి ఎవరి గుండు దగ్గరగా తగిలితే వాళ్ళది మొదటి ఎంపిక. మొదటివాళ్ళకి వెనక తొడలు, తర్వాతివాళ్ళకి ముందు కాళ్ళు, అయిదోవాడికి తోలూ కొవ్వూ. ఆరోవాడికి చెక్క వెనకాల మొద్దులో దిగిన సీసం మిగులుతుంది. అదైనా సంతోషంగానే తవ్వుకుపోతారు.

ఆ ఏడు అక్టోబరులో బావ గుళ్ళన్నీ పెడదారి పట్టాయి. మందు తగ్గించాడు, పెంచాడు. చిన్న గుండు వేశాడు, పెద్ద గుండు వేశాడు. గొర్రెకొవ్వు మార్చి తేనెమైనం కలిపాడు. చెక్క మాత్రం చెక్కుచెదరలేదు.

"ఆడలేక మద్దెల ఓడు అన్నాడట, నీలాంటివాడే," అన్నాను.

ఆయన నవ్వలేదు. "మద్దెల బాగానే ఉందే జెల్లా. నా కళ్ళే పోయాయి. ఈసారి పందెంలో చెక్కకి కూడా తగలకపోతే తుపాకీ డేటన్ పట్నంలో ఉన్న మేనల్లుడికి ఇచ్చేస్తా."

"వాడేం చేసుకుంటాడు?"

"గోడకి మేకు కొట్టి తగిలిస్తాడు."

నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ తుపాకీ లేని బావని ఊహించుకోవడం నా వల్ల కాలేదు. గుడ్డముక్కలు ఏరడానికి పోయాను. ఏరినవన్నీ మాడి చిల్లులు పడి ఉన్నాయి. వాటిని కంచె మీద వరసగా పరిచాం. బావ చాలాసేపు చూశాడు. తర్వాత సంచిలోంచి పేల్చని కొత్త ముక్క ఒకటి తీసి నాలుకకి ఆనించాడు.

"గంజి," అన్నాడు.

అప్పుడు తెలిసింది. ఈ ముక్కలు ప్రతి ఏడూ ఆయనే పాత పరుపు గుడ్డలోంచి కోసి, వాగులో నానేసి, మెత్తబడ్డాక వాడుకునేవాడు. గంజి ఉన్న గుడ్డ బిరుసుగా ఉండి కొవ్వు పీల్చదు, చప్పున మాడిపోతుంది. ఈసారి మాత్రం మా అక్క తానే చేసిపెడతానని లాక్కుంది. కంటి ఆపరేషన్ అయ్యి తనకి చూపొచ్చింది, పందేనికి మొదటిసారి తనూ వస్తానంది. నలుగురి ముందూ మొగుడి చేతిలో మసిగుడ్డలు ఉండకూడదని నాలుగు డజన్ల ముక్కలు కోసి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఇప్పుడే వెళ్ళి అక్కని కడిగేస్తాను చూడు."

"నువ్వు నోరెత్తావంటే ఊరుకోను," అన్నాడు బావ. ముప్పై ఏళ్ళలో నన్ను గదమాయించడం అదే మొదలు. "వంకర్లు పోయిన ఆ వేళ్ళతో రెండు రోజులు కత్తెర పట్టుకుందే అది."

"పోనీ గుట్టుగా నీళ్ళలో జాడిద్దాం."

"తనే పక్కన నిలబడి ఒక్కో ముక్కా అందిస్తానంది. మడత నలిగితే కనిపెట్టదూ?"

మర్నాడు పొద్దున పచ్చికలో మళ్ళీ మొదలుపెట్టాడు. వెనకటివాళ్ళు కొవ్వు లేకపోతే గుడ్డని ఉమ్మితో తడిపి వాడేవారు. బావ తడపడంతో ఆగలేదు, నమిలాడు. అరవైసార్లు నమిలితే గుడ్డ మాడింది. తొంభైకి అంచు మాడింది. నూట ఇరవైకి నల్లటి చుట్టు ఒక్కటే పడింది. మందు కొలిచినట్టే నమలడం కూడా కొలిచిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

పందెం నాడు అక్క మంచి కోటు వేసుకుని, ముక్కల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ చూపించింది. బావ వంతు వచ్చింది. మొదటి ముక్క అందుకుని నోట్లో వేసుకున్నాడు. జనమంతా చూస్తున్నారు. ఆయన దవడ ఆడుతూనే ఉంది.

"ఏమే, మీ బావ పొద్దున్న రొట్టె తినే వచ్చాడుగా?" అంది అక్క నా చెవిలో.

"అదో అలవాటులే," అన్నాను, నా కాళ్ళ వంక చూస్తూ.

మొదటి గుండు చెక్క అంచున తగిలింది. రెండోది గుర్తుకి బెత్తెడు దూరంలో. మూడోదానికి ఆయన మరీ ఎక్కువసేపు నమిలాడనిపించింది. పేలాక పొగ తేలిపోయి చూస్తే గీతకి ఆనుకుని చిల్లుంది. మూడోవాడిగా నిలిచి ఒక ముందుకాలు గెలిచాడు. తుపాకీ తుడుచుకుంటూ డేటన్ మాట ఎత్తలేదు. నాకు ఏడుపొచ్చింది, పొగ మీదికి నెట్టేశాను.

ఆ తర్వాత ఆరేళ్ళు అక్క గంజి పెడుతూనే ఉంది, ఆయన నములుతూనే ఉన్నాడు. ఒకసారి నాతో గొప్పగా చెప్పాడు కూడా. "ఊడిపోయే వయసులో నా పళ్ళు గట్టిపడ్డాయే జెల్లా. ఇప్పుడు నలభై నములుళ్ళకే సరిపోతోంది."

ఏడో ఏడు వేసవిలో బావ పోయాడు. తుపాకీ నాకిమ్మని చెప్పి పోయాడట. దాంతోపాటు ముక్కల డబ్బా కూడా అక్క నా చేతిలో పెట్టింది. ఇక దాచి ఏం లాభం, గంజి సంగతి మొత్తం చెప్పేశాను.

"తెలుసు," అంది అక్క. "ఆ మొదటి పందెం నాడే తెలిసింది. ఆయన నమిలిన ముక్క ఒకటి కింద పడితే తీసి చూశాను, గంజి నీళ్ళు కారాయి."

"మరి మానేయకుండా ఆరేళ్ళు ఎందుకు పెట్టావే తల్లీ?"

"మానేస్తే నాకు తెలిసిపోయిందని ఆయనకి తెలిసిపోదూ? పాపం, అంత కష్టపడి దాచాడు. అందుకే ఏటికేడూ కాస్త కాస్త పల్చన చేసుకుంటూ వచ్చాను."

ఈ నవంబరు పందేనికి నేనే వెళ్తున్నాను. డబ్బాలో ఇంకా పదకొండు ముక్కలున్నాయి. నిన్న ఒకటి నోట్లో వేసుకుని చూశాను, అందులో గంజి రుచే లేదు.