డ్రైవరు వైపు తలుపు

ఆ వీధిలో గుండుసూది అంటే వస్తువు కాదు, మనిషి. బళ్ళకు సీట్లు కుట్టే షాపు ఆమెది. మనిషి చిన్నది, సన్నం, మాట చురుక్కుమనేది. పని చేసేటప్పుడు పెదాల మధ్య ఎప్పుడూ రెండు మూడు గుండుసూదులు కరిచిపెట్టుకుని ఉండేది కాబట్టి తండ్రి ముద్దుగా అలా పిలిచాడు. తండ్రి పోయాడు, షాపు మిగిలింది, పేరూ మిగిలింది. కన్నవాళ్ళు పెట్టిన అసలు పేరుతో పిలిస్తే ఆమే తిరిగి చూడదు.

పెళ్ళి మాట ఎత్తిన వాళ్ళతో, "నా మిషనుకి నూనె వేసి, నా నోటికి జడిసి, రెండు పూటలా గిన్నెలు తోమే మొగాడుంటే చెప్పండి, రేపే చేసుకుంటాను" అనేది. అలాంటివాడు ఇంకా పుట్టలేదు కాబట్టి ఆమె, తల్లి, షాపు వెనక గది, అంతే సంసారం. వ్యాను సీట్లు, చిరిగిన టాపులు, తలుపుల లోపలి డోర్ ప్యాడ్లు, ఏది తెచ్చినా కాదనదు. తొందరపెడితే మాత్రం బండి తాళాలు మొహాన కొట్టేది.

ఒకప్పుడు ఆ షాపులో ఇద్దరుండేవాళ్ళు. అక్క కత్తిరించేది, ఈమె కుట్టేది. రెక్సిన్ మీద అక్క కత్తెర పెడితే సుద్దగీత అవసరం ఉండేది కాదు. అక్క నోట్లో నాలుక లేని మనిషి, ఆమె వాటా కూడా ఈమే మాట్లాడేది. ఆ అక్కను ఐసు తోలే బావకిచ్చి చేశారు. బావకో పాత పికప్ బండి ఉంది. తెల్లారేసరికి ఫ్యాక్టరీలో ఐసు దిమ్మలు ఎక్కించుకుని చేపల మార్కెట్టుకీ, కూల్‌డ్రింకు షాపులకీ వేసి వస్తాడు. మాట మాత్రం వెన్నపూసలా ఉంటుంది.

రెండేళ్ళ కిందట ఒక ఉదయం అక్కకు కడుపులో నొప్పి వచ్చింది. బావ ఆమెను ఆ బండిలోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. చేరేసరికి అక్క లేదు. "బండెక్కగానే నొప్పి తగ్గిందంది. ఐసు కరిగిపోతుంది, ముందు అది వేసేసి పోదామని తనే అంది. పక్కన కూర్చుని హాయిగా నిద్రపోయింది. ఆసుపత్రి దగ్గర లేపితే లేవలేదు" అని గోడకు తల కొట్టుకుంటూ చెప్పాడు. కడుపులో ఏదో పగిలిందన్నారు డాక్టర్లు. కాస్త ముందు తెచ్చి ఉంటే దక్కేదన్నారు. కానీ హాయిగా నిద్రపోతున్న మనిషిని చూసి ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? అందరూ నమ్మారు.

తల్లి ఆ ఒక్క మాటనే పట్టుకుని బతికింది. ఎవరు పలకరించినా, "నిద్రలోనే పోయిందమ్మా నా బిడ్డ, ఏ బాధా పడలేదు" అనేది. బావ ఇంటికొచ్చిన ప్రతిసారీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నిద్రలోనే కదా నాయనా?" అని అడిగేది. "అవునత్తయ్యా, చంటిపిల్లలా" అనేవాడు అతను. ఆ ఐసు ముందు వేసి రావడమేమిటని గుండుసూదికి కడుపు మండేది. తల్లి మొహం చూసి మింగేది.

ఇప్పుడు బావ మళ్ళీ పెళ్ళి చేసుకుంటున్నాడు. చేసుకోనీ, ఎవరొద్దన్నారు! కానీ కొత్త పెళ్ళాన్ని ఎక్కించుకోవడానికి ఆ పాత బండిని ముస్తాబు చెయ్యమని సరాసరి ఈ షాపుకే తోలుకొచ్చాడు. దేవుడు అందరికీ సిగ్గు పంచిపెట్టిన రోజున ఇతను ఐసు దించడానికి వెళ్ళినట్టున్నాడు.

"మరదలు పిల్లా, డోర్ ప్యాడ్లు రెండూ కొత్తగా చేసెయ్. ఐసు నీళ్ళకి అట్టలు ఉబ్బిపోయాయి. నీ చెయ్యి పడితే షోరూమ్ బండి అయిపోదూ!"

"సీట్లు?"

"సీట్లు బానే ఉన్నాయి. అవతలి తలుపు ఆర్మ్‌రెస్ట్ ఉంది చూశావూ, అది మాత్రం పీకి పారేసి కొత్తది వెయ్. ఐసు కొక్కెం గీరుకుని పాడైంది."

మర్నాడు పొద్దున్నే ఆమె పని మొదలుపెట్టింది. ముందు డ్రైవరు వైపు తలుపు. అద్దం తిప్పే హ్యాండిల్ వెనక గుడ్డపీలిక దూర్చి అటూ ఇటూ లాగితే లోపలి క్లిప్పు ఎగిరి పడింది. ఆర్మ్‌రెస్ట్ కింద రెండు స్క్రూలు విప్పి, లాకు బుడిపె తీసి, అంచు వెంట పల్చటి రేకు దూరుస్తూ పోయింది. ప్యాడును పట్టి ఉంచే క్లిప్పులు టక్కు టక్కుమని ఊడాయి. పైకెత్తితే ప్యాడు మొత్తం చేతిలోకి వచ్చేసింది. వెనక అట్ట నీళ్ళు తాగి తాగి వేళ్ళ మధ్య పొడిగా రాలింది. అనుకున్నదే.

తర్వాత అవతలి తలుపు, డ్రైవరు పక్కన కూర్చునేవాళ్ళ వైపుది. ఆర్మ్‌రెస్ట్ ఊడదీసి, తడిగుడ్డతో మట్టి తుడిచి, వెలుతుర్లో పెట్టి చూసింది. కొక్కెం గీత ఒక్కటే ఉంటుంది, పొడుగ్గా ఉంటుంది. ఇవి నాలుగు గంట్లు. పక్కపక్కనే, వంపు తిరిగి, రెక్సిన్‌ను చీల్చుకుని లోపలి స్పాంజి దాకా దిగాయి. పక్కవైపు బొటనవేలు పడాల్సిన చోట ఇంకొకటి. చిరిగిన రెక్సిన్ చూడటంలోనే బతుకంతా గడిపిన మనిషి ఆమె. బ్లేడు పడితే ఎలా తెగుతుందో, ఎలుక కొరికితే ఎలా తెగుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. నోట్లోంచి ఒక గుండుసూది తీసి దాని మొనతో గంటును విప్పింది. స్పాంజిలో గోరు ముక్క ఉంది.

మిగతా సూదులు కింద ఉమ్మేసింది. అక్క నిద్రపోలేదు. మార్కెట్టు దగ్గర ఇతను దిమ్మలు దించుతున్నంతసేపూ, ఆ తర్వాత షాపు వెంట షాపుకు తిరుగుతున్నంతసేపూ ఇక్కడ కూర్చుని దీన్ని చీలుస్తూనే ఉంది. చీమనైనా గట్టిగా అదిలించని అక్క ఆ రోజు ఎంత అరిచి ఉంటుందో! అదంతా పక్కనే కూర్చుని విన్నవాడు వచ్చి చంటిపిల్లలా పడుకుంది అన్నాడు. గుండుసూదికి అరికాలి మంట నెత్తికెక్కింది. సుత్తి అందుకుంది. వెళ్ళి వాడి పెళ్ళిపందిట్లోనే వాడి మోకాళ్ళు విరగ్గొట్టాలనుకుంది.

"ఎవరి బండే అది?" అని లోపల్నుంచి తల్లి అడిగింది.

"బావదమ్మా."

"ఓహో" అంది తల్లి. "పాపం, నా బిడ్డ అందులోనే కదూ నిద్రపోయింది."

సుత్తి కింద పెట్టేసింది. ఆ ఒక్క మాట మీదే తల్లి ఇంత అన్నం తింటోంది, కాసేపు కన్ను మూస్తోంది. అది కూడా లాగేస్తే ఆ మనిషి దగ్గర ఇంకేం మిగులుతుంది? వీధిలో అరిచి చెప్పడానికి లేదు, పదిమందిని పిలవడానికి లేదు. తగలాల్సింది అతనికి. తగిలినట్టు ఎవరికీ తెలియకూడదు. తేలు కుట్టిన దొంగలా పళ్ళు బిగబట్టుకుని తిరగాలి.

బండి నడిపేటప్పుడు బావకో అలవాటుంది. చెయ్యి ఎప్పుడూ తలుపు ఆర్మ్‌రెస్ట్ మీదే పెట్టుకుని, వేళ్ళతో దరువు వేస్తుంటాడు. గుండుసూది డ్రైవరు సీట్లో ఎక్కి కూర్చుంది. కళ్ళు మూసుకుని, చెయ్యి దానంతటది ఎక్కడ వాలుతుందో చూసుకుని అక్కడ సుద్దతో గుర్తు పెట్టింది.

ఆ తర్వాత ఆమె చేసిన పని ఆ చేతుల మీదుగా అంతకు ముందెప్పుడూ జరగలేదు. పాత అట్టలు పరిచి వాటి కొలతకే కొత్త హార్డ్‌బోర్డు కోసింది. క్లిప్పుల చిల్లులు వెంట్రుకవాసి తేడా లేకుండా పొడిచింది. పల్చటి స్పాంజి అంటించి, బూడిదరంగు రెక్సిన్‌ను వేడి చేసి మడత పడకుండా లాగి, అంచులు వెనక్కి మడిచి సొల్యూషన్ పూసి అదిమింది. అవతలి తలుపుకు కొత్త ఆర్మ్‌రెస్ట్ వేసింది. అక్క పట్టుకున్న ఆర్మ్‌రెస్ట్ తోలును మాత్రం స్పాంజితో సహా జాగ్రత్తగా ఒలిచి, డ్రైవరు వైపు ఆర్మ్‌రెస్ట్ దిమ్మ మీద సుద్దగుర్తుకు సరిగ్గా పరిచి అంటించింది. గోరు ముక్కను తీసిన చోటే పెట్టింది. మామూలుగా అయితే గంట్లలో లప్పం పెట్టి, ఎమరీ పేపరుతో నునుపు చేసి రంగు కొడతారు. ఆమె లప్పం డబ్బా మూత కూడా తియ్యలేదు. రంగు పల్చగా, పొర మీద పొరగా కొట్టింది. చూస్తే ఏమీ కనబడదు, చెయ్యి పెడితే తెలుస్తుంది. ఇంత సంతోషంగా ఆమె ఏ పనీ చెయ్యలేదు. ఉన్నమాట చెప్పుకోవాలిగా!

బావ వచ్చి బండి చుట్టూ తిరిగాడు. ప్యాడ్లు తడిమాడు, తలుపులు తీసి వేసి చూసుకున్నాడు.

"అబ్బబ్బా, ఏం చేశావే! నీ చేతులకి కడియాలు తొడగాలి" అంటూ ఎక్కి కూర్చుని, దర్జాగా చెయ్యి వాల్చి దరువు మొదలుపెట్టాడు. వేళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ ఒక్కొక్క వేలే జరిపి చూసుకున్నాడు. నాలుగు వేళ్ళూ నాలుగు గంట్లలో కూర్చున్నాయి. మరదలి వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

అప్పుడే తల్లి బయటికొచ్చింది. "బాగా కుదిరిందే" అని, కిటికీ దగ్గరికెళ్ళి ఎప్పటిలాగే అడిగింది. "నిద్రలోనే కదా నాయనా?"

"అవునత్తయ్యా" అన్నాడు. చంటిపిల్ల మాట ఈసారి రాలేదు. బండి పోతున్నంతసేపూ గుండుసూది వాకిట్లోనే నిలబడి కసితీరా చూసింది.

వారం తిరక్కుండానే అతను మళ్ళీ వచ్చాడు. గడ్డం మాసింది, కళ్ళు లోపలికి పోయాయి. పెళ్ళికొడుకు కళ ఏ కోశానా లేదు.

"అది మార్చు" అన్నాడు.

"ఏది బావా?"

"నీకు తెలుసు."

"నాకేం తెలుసు? ఐసు కొక్కెం గీరుకున్నదేగా! పారెయ్యడం ఎందుకని ఇటు వేశాను."

"చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నడిపినా అటే పోతోంది. ఇంకో షాపుకి తీసుకెళ్ళాను. ఆ మేస్త్రీ తడిమి చూసి, ఇవి గోళ్ళ గంట్లండీ, ఎవరివి అన్నాడు. వచ్చేశాను."

"చెప్పలేకపోయావా ఎవరివో?"

ఆమె బల్ల మీది స్క్రూడ్రైవరు తెచ్చి అతని చేతిలో పెట్టింది. "రెండు స్క్రూలే. విప్పి ఎక్కడ పారేసుకుంటావో పారేసుకో. కానీ నీ చేత్తో విప్పు."

తలుపు తెరిచి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. స్క్రూడ్రైవరు మొన స్క్రూలో పెట్టాడు. తిప్పలేదు. తల అలా వంచుకునే, వెక్కుతూ చెప్పాడు. "మార్కెట్టు దగ్గరే బండి తిప్పమంది. ఇంకొక్క షాపే అన్నాను. ప్రతి షాపు దగ్గరా అదే అన్నాను. తర్వాత అరవడం మానేసింది. నిద్రపోయిందనుకున్నాను."

"అనుకున్నావా, అనుకుంటే బాగుంటుందనుకున్నావా?" అంది గుండుసూది పళ్ళు కొరుకుతూ. "మెల్లిగా ఏడు. అమ్మ వింటుంది."

"వినాల్సిందేముంది" అంది తల్లి. గుమ్మంలో నిలబడి ఉంది.

గుండుసూది ఒక్క అంగలో గుమ్మం దగ్గరికెళ్ళి అడ్డం నిలబడింది. "అమ్మా, నువ్వు లోపలికెళ్ళు, ఏం లేదు..."

"ఆఖరి స్నానం చేయించింది నేను కాదటే? మూడు గోళ్ళు మొదలంటా విరిగి ఉన్నాయి. నిద్రపోయే పిల్లకి గోళ్ళెందుకు విరుగుతాయి?"

"మరి ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నీకు తెలిస్తే కత్తెర పట్టుకుని పోతావు. నువ్వు జైలుకి పోతే నాకెవరున్నారు?" అని అల్లుడి వైపు తిరిగింది తల్లి. గొంతు పెంచలేదు. "నిన్ను మాత్రం వచ్చినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను నాయనా. ఒక్కసారైనా కాదంటావేమో, తప్పయిపోయిందని ఏడుస్తావేమో, క్షమించాలా వద్దా అని అప్పుడు చూద్దాంలే అనుకున్నాను. ప్రతిసారీ చంటిపిల్లలా అన్నావు."

"అత్తయ్యా..."

"లే."

అతను లేచి పక్కకు తప్పుకున్నాడు. తల్లి వంగి ఆర్మ్‌రెస్ట్ మీద చెయ్యి పెట్టింది. ఒక్కో గంటులో ఒక్కో వేలు పెట్టింది. తర్వాత అల్లుడి చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుని కూతురికిచ్చింది.

"ఆ స్క్రూలు వదులైనట్టున్నాయి, చూడవే. ఈయన ఈ బండి ఇంకా చాలా ఏళ్ళు నడపాలి" అంది.

గుండుసూది వంగి రెండూ గట్టిగా బిగించింది.